చేతులు దించిన అక్షరం

అన్నం మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ఒక్క ముక్క కూడా కల్పన లేదు. కల్పించేవాడెవడూ తన పరువు తానే తీసుకోడు కదా...

యాభైల నాటి మాట. మాదన్నపేటలో ఒక్క గది ఇల్లు మాది. నేను కార్ఖానాలో ఫిట్టర్ని. అక్కడ పనిచేసిన నార్వే ఇంజినీరు ఒకాయన దేశం వెళ్లిపోతూ, తన పిల్లలు పడుకున్న చెక్క ఊయల నాకిచ్చాడు. అప్పటికి నా కూతురికి ఆర్నెల్లు.

ఊయల తలవైపు పలక మీద ఒక గుర్తు చెక్కి ఉంది. నిలువుగా ఒక గీత, పైన అటూ ఇటూ రెండు కొమ్మలు. నా భార్య సత్తెమ్మ అది నామం అనుకుని పసుపు పూసింది. నామం కాదు. అది వాళ్ల పాతకాలపు అక్షరం, రూన్ అంటారట. పేరు అల్గిజ్. చేతులు పైకెత్తి అడ్డంగా నిలబడ్డ మనిషట... కాపలా, ప్రాణం. ఇంజినీరే చెప్పాడు. తిరగేస్తేనో, అని ఊరికే అడిగాను. ఆయన నవ్వలేదు. కొందరు దాన్ని సమాధుల మీద చెక్కుతారన్నాడు.

ఆ మాట సత్తెమ్మకు చెప్పలేదు.

ఒక రాత్రి వాన వెలిసింది. చూరు నుంచి టప్... టప్... ఎందుకో మెలకువ వచ్చింది. సత్తెమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. ఊయల కదలడం లేదు. చూపు పలక మీదికి పోయింది.

చేతులు... కిందికి ఉన్నాయి.

కళ్లు నులుముకున్నాను. కందిలి వత్తి పెంచాను. నిలువు గీత అలాగే ఉంది. పసుపు అలాగే ఉంది. రెండు కొమ్మలు మాత్రం నేలవైపు... వేలాడుతున్నాయి. చెక్కలో చెక్కిన గుర్తు ఎలా తిరుగుతుంది?

ఊయలలో చేతులు పెట్టి, బిడ్డను గుడ్డతో సహా ఎత్తుకుని గల్లీలోకి పరుగెత్తాను. అరిచాను. ఏమని అరిచానో తెలియదు. బిడ్డ వెచ్చగా ఉంది. నా మెడకు ఊపిరి తగులుతోంది... అది మాత్రం బాగా గుర్తుంది.

గల్లీ అంతా లేచింది. ఎదురింటి ఖాజాబీ దీపం పట్టుకుని వచ్చింది.

"క్యా హువా భాయ్? పిల్లకేమైంది?"

గుడ్డ తొలగించాను.

దిండు.

ఎవరో కిసుక్కున నవ్వారు. "తాగిండా ఏంది?" అన్నారింకెవరో. సత్తెమ్మ గడపలో నిలబడి చూస్తోంది. నా లుంగీ కూడా సరిగా లేదు. తల ఎత్తలేకపోయాను.

ఖాజాబీ నవ్వలేదు. నన్ను దాటి లోపలికి పోయింది. వెంటనే కేక... "సత్తెమ్మా, ఇటు రా! పిల్ల పెయ్యి జరంతోని కాలిపోతున్నది!"

బిడ్డ ఊయలలోనే ఉంది. కళ్లు తేలేసింది. తడిగుడ్డలు చుట్టి రిక్షాలో దవాఖానాకు తీసుకుపోయాం. దక్కింది. ఇంకొంచెం ఆలస్యమైతే కష్టమయ్యేదన్నాడు డాక్టరు.

"నువ్వు గట్ల లొల్లి చెయ్యకపోతే ఏమయ్యేదో అన్నా!" అంటూ నవ్వినవాళ్లే భుజం తట్టారు. ఆ మెచ్చుకోలు వాళ్ల నవ్వు కంటే ఎక్కువ గుచ్చుకుంది. కన్నబిడ్డకూ దిండుకూ తేడా తెలియని తండ్రిని నేను.

ఇంటికొచ్చి చూస్తే గుర్తు మామూలుగానే ఉంది. అది నన్ను బెదిరించిందో, నిద్ర లేపిందో... ఇప్పటికీ తెలియదు.

ఆ దిండు సంగతి సత్తెమ్మ ఒక్కసారే అడిగింది. "పిల్లను ఇడిసిపెట్టి మెత్త ఎందుకు ఎత్తుకపోయినవ్?"

"ఎచ్చగుండె సత్తెమ్మా... ఊపిరి తీస్తుండె."

ఆమె బిడ్డ మీద గుడ్డ సర్దింది. తర్వాత మెల్లగా అంది. "మనింట్ల ఉన్నది ఒక్కటే మెత్త. ఆ రాత్రి అది నా తల కిందనే ఉండె."

మరి నేను మోసుకుపోయింది... గల్లీలో ఎవరి చేతికిచ్చానో, ఎక్కడ పడేశానో గుర్తులేదు. అడగాలంటే సిగ్గు. ఇంతవరకూ ఎవర్నీ అడగలేదు.