రూకీ కార్డుకు నాలుగు మూలల పసుపు

మిత్రులారా, ముందుగా మీ చేతుల్లోని టీ కప్పులను కింద పెట్టండి. నేను చెప్పబోయేది విని మీరు నవ్వితే ఒలికేది మీ టీ; ఒలికిపోయిన నా పరువును మాత్రం ఎవరూ ఎత్తిపోయలేరు. చిటికెడు పసుపుతో, ఉంగరపు వేలి కొనతో, అర నిమిషంలో ఒక ఫుట్‌బాల్ కార్డును ఆకాశం నుంచి పాతాళానికి దించిన ఘనుడు ఈ మస్కట్ నగరంలో నేనొక్కణ్ణే! మొన్న శనివారం నాటి ముచ్చట ఇది.

మా బావమరది శ్రీనివాసు ఇక్కడికి దూరాన, ఒమాన్‌లోనే ఉన్న దుక్మ్ రేవులో క్రేన్ నడుపుతాడు. పగలంతా ఇనుప దూలాలను ఎత్తే ఆ చేతులే, డ్యూటీ ముగించుకొని రూముకు చేరగానే, అరచేయంత ఫుట్‌బాల్ కార్డులను పూలరేకులను తాకినట్లు తాకుతాయి. ఒక్కొక్క కార్డు మీద ఒక్కొక్క ఆటగాడి చిత్రం. వాటిని కొంటారట, మార్చుకుంటారట, గాజు బీరువాలలో కొలువుదీరుస్తారట! ఇన్నేళ్ళుగా తాళపత్రాల మీద ప్రాణం పెట్టుకొన్న నేను వాణ్ణి ఆక్షేపించే అర్హతను ఎన్నడో కోల్పోయాను గనుక, ఊరకున్నాను.

రెండు నెలల క్రితం వాడి దగ్గరనుంచి ఫోను.

"బావా! రూకీ పడ్డది బావా, ప్యాకెట్ల రూకీ పడ్డది!"

రూక అంటే పూర్వకాలపు నాణెం. నా చెవులు సహజంగానే నిక్కబొడుచుకొన్నాయి. "రూకలా? ఎన్ని?"

"రూకలు గాదు బావా, రూకీ! అంటె కొత్తగ వచ్చిన ఆటగాడు. పదిహేడేండ్ల పోరడు. వాని మొట్టమొదటి కార్డు ఇది. మస్తు డిమాండు!"

"బాగు బాగు! ఎన్ని గోల్స్ కొట్టాడు?"

"ఏడ కొట్టిండు? ఇంక సరిగ ఆడనే లేదు."

"ఆడనివాడికి అంత గిరాకీ ఏమిటి?"

"ఆడలేదు గనుకనే బావా! గొప్పోడైతడు, గొప్పోడైతడు అని అందరు మోత మోగిస్తున్నరు. ఆడినంక సంగతి తెలిసిపోతది. తెలువనంత సేపే రేటు!"

నేను నివ్వెరపోయాను. మొదటి పద్యమైనా పూర్తి కాకముందే కవికి కనకాభిషేకం చేయించే ఆస్థానం ఒకటి ఈ భూమి మీద ఉన్నదని ఆనాడు తెలిసింది! ఆ క్షణమే ఆ కుర్రవాడికి నేను బాలార్కుడని పేరు పెట్టుకొన్నాను.

పోయిన నెల సెలవులో వచ్చినప్పుడు ఆ కార్డును పలుచని ప్లాస్టిక్ తొడుగులో ఉంచి, దుక్మ్ దుమ్ముకు భయపడి, మస్కట్‌లో అజైబా పేటలోని మా ఫ్లాటులో నాకు అప్పగించి వెళ్ళాడు. పోతూ పోతూ, "ముందు ముందు దీనికి స్లాబ్ ఏయించాలె" అన్నాడు.

మా ఆవిడ సుభద్ర వంటగదిలోనుంచి కేక పెట్టింది. "కార్డుకు స్లాబేందిరా? ఆ ఎండకు నీ మెదడు గిన కరిగిందా?"

"సిమెంటు స్లాబ్ గాదక్కా! గట్టి ప్లాస్టిక్ పెట్టె. కార్డును అండ్ల పెట్టి సీలేస్తరు."

ఇక అసలు కథ. మా వీధి చివర ఖల్ఫాన్ భాయ్ అనే ఒమానీ పెద్దమనిషికి ఆటవస్తువుల దుకాణం ఉన్నది. ఆయన గాజు బీరువాలో ఎప్పుడో ఆట మానిన ఒక గోల్‌కీపరు కార్డు ఉన్నది. జగిత్యాలలో బడి జట్టుకు గోల్‌కీపరుగా నిలబడిన మా శ్రీనుకు ఆ మనిషే ఆరాధ్యుడు. రెండేళ్ళుగా ఆ కార్డు కోసం తపస్సు చేస్తున్నాడు. ఖల్ఫాన్ భాయ్ ఎప్పుడూ ఒకే మాట: "పైసా నహీ, బదల్!" డబ్బు వద్దు, మార్పిడి మాత్రమే.

బాలార్కుడి కార్డు ఉన్నదని వినగానే ఆయన తపస్సుకు మెచ్చాడు. శనివారం సాయంత్రం ఆ కుర్రవాడు మొట్టమొదటిసారి ఆట ఆరంభం నుంచీ దిగుతున్నాడు. ఒక్క గోల్ కొట్టాడంటే ఆ కార్డు ఇక ఎవరికీ అందదు. అందుకని ఆటకు ముందే మార్పిడి జరగాలన్నది షరతు. శ్రీనుకు ఆనాడు సైటులో డ్యూటీ. దౌత్యభారం నా మీద పడింది!

శనివారం ఉదయం ఫోను. శ్రీనే.

"బావా, నాలుగు మూలలు పైలం! ఖల్ఫాన్ భాయ్ ముందు మూలలే చూస్తడు. మూలలు మంచిగుంటెనే మింట్ అంటడు."

"మింట్ అంటే పుదీనా కదా?"

"కొత్త నోటు లెక్క ఉండాలె అని అర్థం బావా. మూలలు, మూలలు! యాదిమరువకు!"

"ఓరీ శ్రీనూ, కార్డు మూలల మహిమ నాకు నువ్వు చెప్పాలా? ఎన్ని కార్డుల మూలలు చూసిన చేయి ఇది! నిశ్చింతగా డ్యూటీ చేసుకో."

"నువ్వున్నవనే ధైర్యం బావా!" అని వాడు ఫోను పెట్టేశాడు.

ఇక్కడ మీరు నా మనస్సును అర్థం చేసుకోవాలి. మన ఇళ్ళలో కార్డు అంటే ఏది? శుభలేఖ! దాని నాలుగు మూలలకూ పసుపు పెట్టనిదే గడప దాటిస్తామా? మూలలు బోసిగా ఉన్న కార్డు ఏ కార్యానికి వస్తుందో మీకు వేరే చెప్పనక్కరలేదు.

స్నానం చేసి, పట్టుపంచె కట్టి, కార్డును తొడుగులోనుంచి వెలికి తీశాను. సుభద్ర చూచి అడగనే అడిగింది: "మంచి పనికి పోతున్నరు, కార్డు బోసిగ ఉన్నది. మూలలకు పెట్టిండ్రా?"

"అదే చేయబోతున్నాను."

ఆమె చిన్న గిన్నెలో పసుపు తడిపి ఇచ్చింది. ఉంగరపు వేలితో నాలుగు మూలలకూ దిద్దాను. ఎంత శోభ! ఆ కుర్రవాడి ముఖం పెళ్ళికొడుకు ముఖంలా వెలిగిపోయింది. ఆ ఊపులో నెత్తిన శ్రీకారం కూడా చుట్టబోయి కలం తీశాను. సుభద్ర చటుక్కున నా చేయి పట్టుకొన్నది. "అయ్యో, పెన్నుతో రాస్తె బొమ్మ ఖరాబైతది!" ఎంత వివేకవతి నా భార్య అని మురిసిపోయాను కూడా.

దుకాణంలో ఖల్ఫాన్ భాయ్ అరబ్బుల కాఫీ ఖహ్వా పోసి, ఖర్జూరాలు పెట్టి, గాజు బీరువా తెరిచి గోల్‌కీపరును బయటకు తెచ్చి సిద్ధంగా ఉంచాడు. నేను రెండు చేతులా కార్డును అందించాను. ఆయన భూతద్దం తీశాడు. ఒక మూల చూశాడు. రెండవ మూల చూశాడు. మూడవ మూల చూసేసరికి భూతద్దం బల్ల మీద పెట్టి నన్ను చూశాడు.

"ఉస్తాద్, యే పీలా క్యా హై?" ఈ పచ్చరంగేమిటని అడిగాడు.

"హల్దీ, భాయ్! శుభానికి. ముబారక్ కే లియే!" అన్నాను సగర్వంగా.

మొదట ఆయన భుజాలు కదిలాయి. ఆ తరువాత కడుపు కదిలింది. చివరకు ఖహ్వా కప్పు కదిలి బల్ల మీద పారింది!

"ఉస్తాద్, మైనే మింట్ మాంగా, తుమ్ హల్దీ లే ఆయే!" పుదీనా అడిగితే పసుపు తెచ్చావయ్యా అని కళ్ళు తుడుచుకొన్నాడు. ఆపైన జాలిగా విడమరిచి చెప్పాడు. మూల మీద గోరంత గీత పడినా ఈ కార్డు విలువ సగానికి సగం పడిపోతుందట. ఇది నాలుగు మూలలూ తడిసి ఉబ్బి, పసుపు లోపలికి ఇంకిపోయింది. గోల్‌కీపరు తిరిగి గాజు బీరువాలోకి వెళ్ళిపోయాడు. తాళం పడిన చప్పుడు నా గుండెలో వినబడింది.

శ్రీనుకు ఫోను చేశాను. క్రేన్ దిగి ఎత్తాడు.

"అయిపోయిందా బావా?"

"అయిపోయింది శ్రీనూ." విషయమంతా చెప్పాను.

"పసుపు పెట్టినవా?"

"పెట్టాను."

"నాలుగు మూలలకా?"

"ఒక్కటీ వదల్లేదు."

"రెండేండ్లు బావా..." అని మాత్రమే అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

వెళ్ళలేక వెళ్ళలేక అక్కడే ఒక స్టూలు మీద కూలబడ్డాను. దుకాణంలో టీవీ వెలిగింది. ఆట మొదలైంది! బాలార్కుడు పరుగెత్తుకొంటూ దిగాడు. ఖల్ఫాన్ భాయ్ ఫోనులోని కార్డుల గ్రూపు మోగుతూనే ఉన్నది: ఆ కార్డు కావాలి, ఎవరి దగ్గర ఉన్నది, నాకు కావాలి! ఒక్కొక్క మోతకు నేను ఒక్కొక్క అంగుళం కుంగిపోతున్నాను.

పావుగంట గడిచింది. బంతి కుర్రవాడి కాళ్ళ దగ్గరకు వచ్చింది. కొట్టాడు! వల ఊగింది! నేను లేచి నిలుచొని చప్పట్లు చరిచాను.

"బైఠో ఉస్తాద్," అన్నాడు ఖల్ఫాన్ భాయ్ గాలి తీసినట్లు. "కొట్టింది వాడి సొంత జట్టు గోల్‌లోకే."

సగం ఆట కాకముందే వాణ్ణి బయటకు పిలిచారు. తలవంచుకొని కూర్చున్నాడు. పాపం, తనను ఆకాశానికి ఎత్తినదీ వాడు కాదు, దించినదీ వాడు కాదు. వాడికి పదిహేడేళ్ళు, అంతే. ఫోను మాత్రం మళ్ళీ మోగింది. ఇందాక కావాలి కావాలి అన్నవారే ఇప్పుడు తీసుకోండి, ఎవరైనా తీసుకోండి అంటున్నారు!

ఖల్ఫాన్ భాయ్ టీవీని చూశాడు. బీరువాలోని గోల్‌కీపరును చూశాడు. నన్ను చూశాడు. లేచి వచ్చి నా నుదుటిని ముద్దాడాడు!

"ఉస్తాద్! నీ హల్దీ నన్ను కాపాడింది!"

అంటే అర్థమైంది కదా? నేను పెట్టిన పసుపు శుభం చేసింది. నిస్సందేహంగా చేసింది. ఎటొచ్చీ ఎదుటి పక్షానికి చేసింది!

ఆ ఆనందంలో ఆయన లోపలి సొరుగు తెరిచి మరొక గోల్‌కీపరు కార్డు తీశాడు. ఆయన దగ్గర రెండు ఉన్నాయట. దీనికి ఒక మూల మడతపడింది కనుక బీరువాకు ఎక్కలేదట. "కార్నర్ కా బదల్ కార్నర్," మూలకు మూలే మార్పిడి అని నవ్వుతూ దానిని నా చేతిలో పెట్టి, పసుపు కార్డును దుకాణం గోడకు తగిలించుకొన్నాడు. ప్రపంచంలో ఇలాంటిది ఇంకొకటి ఉండదని ఇప్పుడు వచ్చినవారికల్లా చూపిస్తున్నాడు.

నిన్న శ్రీను దుక్మ్ నుంచి వచ్చాడు. కార్డును చూశాడు. మడతపడిన మూలను బొటనవేలితో మెల్లగా నిమిరి, "ఈ మూల గింతైతేంది బావా, మనిషి గదే గద!" అన్నాడు. కళ్ళు మెరిశాయి. నా ప్రాణం లేచి వచ్చింది.

వెంటనే సంచిలోనుంచి గట్టి ప్లాస్టిక్ పెట్టె తీసి, కార్డును అందులో పెట్టి మూత బిగించాడు. "ఇగ నీ పసుపు లోపలికి పోదు బావా! గీ స్లాబ్ దుమ్ముకు గాదు, నీకే!"

సుభద్ర పకపకా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ పెట్టెను చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూశాను. కొత్త పెట్టె. ఎంత బోసిగా ఉన్నదో!

"సుభద్రా," అన్నాను, "ఆ గిన్నె ఇలా తే. దీనికి మూలలు నాలుగు కాదు, ఎనిమిది!"