నాన్న పన్నుకు పెట్టిన సిమెంటు

కిందటేడు నాన్న కుడి దవడ పన్ను పుచ్చిపోయింది. కొండపల్లి నుంచి పటమట దాకా లాక్కుపోయి పళ్ల డాక్టరమ్మకు చూపించాను. పీకక్కర్లేదు, సిమెంటు పెడితే నిలుస్తుంది అందావిడ. నాన్నకు ప్రాణం లేచొచ్చింది. పళ్లంటే ఆయనకు మహా గర్వం, ఈ వయసుకీ ఒక్కటీ ఊడలేదు. పైగా కొయ్యబొమ్మలు చేసే మనిషి. రంపపు పొట్టులో చింతగింజల జిగురు కలిపిన మక్కుతో అతుకులు పూడ్చడం చిన్నప్పటి నుంచీ అలవాటు. కుర్చీలో నోరు తెరుచుకుని, ఆవిడ చేతులవంకే చూస్తూ ఉండిపోయాడు.

పని అయ్యాక నీలం కాగితం కొరికించి, "బాబాయ్ గారూ, ఎక్కడైనా ఎత్తుగా తగులుతోందా అండీ?" అని అడిగింది. మత్తుకు సగం మూతి ఉన్నట్టే తెలియడం లేదాయనకు.

"లేదండీ, బ్రహ్మాండంగా ఉందండీ."

మర్నాడు ఇడ్లీ నమలబోయి పళ్లెం పక్కకు నెట్టాడు. నోరు మూస్తే ముందు ఆ పన్నే తగులుతోందట. డాక్టరమ్మకు ఫోన్ చేశాను. తీసుకురండి, కాస్త అరగదీస్తే సరిపోతుంది, వదిలేస్తే పన్ను పగలొచ్చు అంది.

"నేను రానమ్మా," అన్నాడు నాన్న. "అంత ఓపిగ్గా చేసిన మనిషికి వంక పెట్టమంటావా? చేసిన బొమ్మ ఎవరన్నా ఎనక్కి తెస్తే ఎట్టా ఉంటదో నీకేం తెలుసు?"

"అది బొమ్మ కాదు నాన్నా, నీ పన్ను."

"అదే సర్దుకుంటదిలే."

తిట్టాను, అలిగాను. ఆటో పిలిచి వాకిట్లో నిలబెడితే, ఏనుగు అంబారీకి రంగు ఆరలేదని కదల్లేదు. పసివాడైతే చంకనేసుకుని పోదును. ఎడమ దవడతో ఆయన పెరుగన్నం మింగుతుంటే ఎదురుగా కూర్చుని చూడటం తప్ప నాకేం చేతకాలేదు.

చివరికి పన్ను నిలువునా చీలింది. ఈసారి తనే ఆటో ఎక్కాడు. పీకేశాక డాక్టరమ్మ, "ఫోన్ చేసినప్పుడే వచ్చుంటే నిలిచేది కదండీ," అని నొచ్చుకుంది. నాన్న దూది కరిచిపట్టుకుని ఆవిడకు రెండు చేతులూ జోడించాడు. నాకు ఏడుపొచ్చింది.

గాయం మానాక, పుచ్చడం మొదలైన పక్క పన్నుకూ సిమెంటు పెట్టింది. మళ్లీ మళ్లీ కాగితం కొరికించింది.

"నిజం చెప్పండి బాబాయ్ గారూ, ఎత్తుగా ఉందా?"

నాన్న నావంక చూశాడు.

"లేదండీ, బ్రహ్మాండంగా ఉందండీ."

నేను ఆయన ముఖంలోకే చూస్తున్నాను. అది ఆయన నోరు. ఎత్తో కాదో ఆయనకు తప్ప ఇంకెవరికీ తెలియదు.