సీసం పోసిన నాలుగో పాఠం

ఆ రోజుల్లో నచ్చని వాక్యం కంటబడితే దాన్ని మార్చేదాకా నాకు కాలు నిలిచేది కాదు. (ఇప్పుడు నిలుస్తుంది, మోకాళ్ల నొప్పి.) రాజమండ్రిలో మిషను అచ్చాపీసుకు మా మావయ్య పెద్ద. మద్రాసు కాలేజీకి, మిషను బడులు చూసుకునే దొరసానిగారు సిఫారసు ఉత్తరం ఇచ్చేదాకా ఖాళీగా ఉంటే ఇంట్లోవాళ్లతో తగువు పెట్టుకుంటానని నన్ను ప్రూఫులు దిద్దడానికి కూర్చోబెట్టాడు. ఏటా అచ్చువేసే పిల్లల వాచకాన్ని ఆ ఏడు స్టీరియోటైపు చేస్తున్నారు. అంటే, విడి అక్షరాలతో కూర్చిన పేజీ మీద తడి కాగితం అదిమి, అది ఎండాక అందులో కరిగిన సీసం పోస్తారు. పేజీ మొత్తం ఒకే పలక అయిపోతుంది. "ఇంక ఒక్క అక్షరం కదలదమ్మా, దిద్దేదేదో ఇప్పుడే దిద్దు" అన్నాడు మావయ్య.

దిద్దాను. నాలుగో పాఠంలో "ఆడపిల్ల అణకువగా ఉండును, మగపిల్లవాడు చదువుకొనును" అని ఉంటే ఇద్దరినీ అటూ ఇటూ మార్చాను. మావయ్యకు చూపించి, వాదించి, ఓడిపోతే మళ్లీ సర్దుదామనే అనుకున్నాను. (ఓడిపోయే ఉద్దేశం లేదు.) నేను భోజనానికి వెళ్లొచ్చేసరికి ఆయన సీసం పోసేశాడు. "నువ్వు చూసిన పేజీయే కదా" అన్నాడు. పుస్తకాలు బడులకు వెళ్లిపోయాక గానీ నిజం చెప్పలేకపోయాను. ఆయన తిట్టలేదు. "దొరసానిగారు చూస్తే నీ ఉత్తరం గోదాట్లో కలిసినట్టే" అన్నాడంతే. నెల్లాళ్లు నాకు కుదురు లేదు.

చివరికి ఆవిడ బడి తనిఖీకి మమ్మల్నీ వెంటబెట్టుకెళ్లి, ఓ పిల్లను లేపి నాలుగో పాఠమే చదవమన్నారు. ఆ పిల్ల కొత్త పుస్తకంలో నా వాక్యం మీద వేలు పెట్టి, "ఆడపిల్ల అణకువగా ఉండును" అని గడగడా చదివేసింది. పంతులుగారు తల ఊపారు. బతికిపోయానని నోరు మూసుకోవాలా, వద్దా?

"పుస్తకంలో ఏముందో చూసి చదవ్వే" అన్నాను.

మావయ్య నా కాలు తొక్కాడు.

"చూసే చదువుతున్నానండి" అని ఆ పిల్ల మళ్లీ అదే, ఇంకాస్త గట్టిగా చదివింది. దొరసానిగారు మెచ్చుకుని, ఉత్తరం నా చేతిలో పెట్టారు. దారిలో మావయ్య అన్నాడు: "మనకంటే ముందే పంతులుగారు పోసేశారమ్మా సీసం."

కాలేజీలో 'స్టీరియోటైపు' అన్న మాట గ్రీకులోని 'గట్టి', 'అచ్చు' అనే రెండు మాటల నుంచి పుట్టిందనీ, మారని ఆలోచనలకూ వాడుతున్నారనీ చెప్పారు. నాకది ముందే తెలుసు, ఆ పిల్ల వేలు పెట్టి చూపించింది.

ఇప్పుడు నేనే పాఠాలు చెబుతున్నాను. "పుస్తకంలో ఏముందో" అని నోరు తెరవగానే మిగతాది వెనక బెంచీ పూర్తి చేస్తుంది, అచ్చం నా గొంతుతోనే. వాదించబోతాను. ఎందుకో, అణకువగా కూర్చుంటాను.