సభ ముందుకు రాని చట్టం

ఇరవై ఏళ్ళు పైబడింది. అమ్మ అడిగితే "లేదు" అన్నాను. ఆ ఒక్క మాటను మోస్తూనే చదువుకున్నాను, ఉద్యోగం చేశాను, నవ్వాను కూడా. ఈ ఏడాది అమ్మ పోయింది. ఇప్పుడు దాన్ని వెనక్కి తీసుకున్నా వినవలసిన మనిషి లేదు. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

మా నాన్న రాయ్‌పూర్‌లో గూడ్సు బండ్ల గార్డు. మా రైల్వే క్వార్టర్ల వరసలో ఐదిళ్ళు. మేం శ్రీకాకుళం వైపు వాళ్ళం. మిగతావాళ్ళు ఒడియాలు, బెంగాలీలు, ఛత్తీస్‌గఢీలు. పిల్లలం ఒక్కో ఇంటినీ ఒక్కో దేశం చేసి, అన్నిటినీ కలిపి సమాఖ్య అనేవాళ్ళం. అందరిలోకీ పెద్దదాన్ని కాబట్టి అధ్యక్షురాలిని నేనే. మా చెల్లి బుజ్జి మాత్రం నా దేశంలో ఉండనని పేచీ పెట్టి, పెరట్లో జామచెట్టును తన దేశంగా ప్రకటించుకుంది. దానికి రాణీ, ప్రజా అదొక్కతే.

ఒకసారి టీవీలో వార్తలు చూస్తూ నాన్న ఆర్డినెన్సు అంటే ఏమిటో చెప్పాడు. సభ లేనప్పుడు అత్యవసరంగా చేసే చట్టం. సభ కూర్చోగానే దాని ముందు పెట్టాలి.

"మరి సభ కూర్చోకపోతే?" అన్నాను.

"గడుసుదానివే," అని నవ్వాడు.

మర్నాడే మా సమాఖ్యకు ఆ అధికారం వచ్చింది. నేను ఎమర్జెన్సీ అంటే నా మాటే చట్టం. సభ పెట్టి తీసేసేదాకా ఎవరూ మీరకూడదు. సభను పిలవాల్సింది కూడా నేనే.

దసరా సెలవుల్లో ఒక మధ్యాహ్నం అమ్మ బజారుకు వెళ్తూ, చెల్లిని చెట్టెక్కనివ్వొద్దని నాకు చెప్పి వెళ్ళింది. బెంగాలీ దేశం జామకాయల మీదికి దండెత్తి వస్తోందని ఎవరో అరిచారు. కాపలాకని బుజ్జిని చెట్టెక్కించింది నేనే. కాలు జారింది. బట్టలుతికే బండ అంచు తలకు తగిలింది. రక్తం రాలేదు. కాసేపు ఏడ్చి లేచి కూర్చుంది.

అప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది ఏమిటి? దాని తల కాదు. అమ్మ ముఖం. నిన్ను నమ్మి వెళ్ళాను కదే అంటుంది, ఆ మాట పడలేను అనుకున్నాను. ఎమర్జెన్సీ అన్నాను. ఇవాళ సమాఖ్యలో జరిగింది విదేశీయులకు చెప్పకూడదు, పెద్దవాళ్ళంతా విదేశీయులే అన్నాను.

"అమ్మ కూడా విదేశీ ఏటక్కా?" అంది బుజ్జి.

"అమ్మ కూడా."

"అమ్మకొక్కర్తికే చుప్‌చాప్ చెప్పెస్తాను. నీ పేరు చెప్పను. ఒట్టు."

"చెప్తే నీ చెట్టుని సమాఖ్యలోంచి తీసేస్తాం."

అది ఆలోచించింది. "మరి సభ ఎప్పుడు?"

"రేపు."

సాయంత్రం బుజ్జికి వాంతయింది. పచ్చి కాయలు తినుంటుందని అమ్మ వాము నీళ్ళు పట్టించి పడుకోబెట్టింది. బుజ్జి నా వైపు చూసింది. నోరు విప్పలేదు. నేను ఒక్క మాటంటే చాలు, ఆ చట్టం పోయేది. అనలేదు.

తెల్లారి లేపితే లేవలేదు. ఆసుపత్రిలో డాక్టరు "బచ్చీ గిరీ థీ క్యా?" అని అడిగాడు. అమ్మ నా వైపు తిరిగింది.

"పడ్డాదేటే? చెప్పు, ఏటననులే."

"లేదు."

బుజ్జి ఆ రోజే పోయింది. తల లోపల రక్తం గడ్డకట్టిందన్నారు. ముందు రోజే చెప్పివుంటే బతికేదా? తెలియదు. పెద్దయ్యాక తెలుసుకుందామని ఒక వైద్య పుస్తకం తెచ్చాను. ఆ పేజీ దాకా వచ్చి మూసేశాను. పన్నెండేళ్ళ పిల్ల భయంతో అబద్ధమాడింది, నిజమే. మరి ఇరవై ఏళ్ళ మనిషి? ముప్పై ఏళ్ళ మనిషి? "వాము నీళ్ళిచ్చి పడుకోబెట్టేసేను, తల్లినై ఉండీ తెలుసుకోలేపోయేను" అని అమ్మ వచ్చినవాళ్ళందరితో అంటుంటే, పక్కనే కూర్చుని విన్నదెవరు? అన్నేళ్ళూ నా తప్పును అమ్మ తనదనుకుంది. అనుకోనిచ్చాను.

మిగతా పిల్లలూ చూశారు. ఒక్కరూ చెప్పలేదు. భయమో, చట్టమో. బదిలీల మీద ఒక్కొక్క కుటుంబమే వెళ్ళిపోయింది. సభ మళ్ళీ కూర్చోలేదు.

ఇప్పుడు రాయ్‌పూర్‌లోనే, దేవేంద్ర నగర్‌లో ఒక బడిలో పౌరశాస్త్రం చెప్తాను. ఆర్డినెన్సుల పాఠం వచ్చినప్పుడు ఆ పీరియడు ఇంకో టీచరుకు అప్పగిస్తాను. ఎందుకని ఆమె ఎప్పుడూ అడగలేదు.

మీ నుంచి క్షమ అడగను. ఇచ్చే హక్కున్న ఇద్దరూ లేరు. నాకు కావలసింది వినే విదేశీయులు, అంతే. చెప్పేశాను. ఆ చట్టం ఇవాళ్టితో రద్దు.

బుజ్జీ, ఇంక అమ్మకి చెప్పుకో. నా పేరు కూడా చెప్పు.