రొయ్యల చెరువు గట్టున రెండు రోజుల డీజే

మొన్న ఆదివారం మా అన్నయ్య కొడుకు ఫోనులో ఒక పాత రికార్డింగు పంపించాడు. పన్నెండేళ్ల కిందటిదట, సామాన్లు సర్దుతుంటే దొరికిందట. చాలాసేపు ఒకే తీరున మోత, ఆ తరవాత ఉన్నట్టుండి నిశ్శబ్దం, దాని వెనక ఎవరెవరివో అరుపులు. ఏలూరులో మా అపార్టుమెంటు వరండాలో కూర్చుని వింటున్నదాన్ని, ఆ నిశ్శబ్దం దగ్గరికి వచ్చేసరికి ఇన్నేళ్ల తరవాత కూడా కరెంటు పోయిందేమోనని తలెత్తి లైటు వైపు చూశాను.

మావారు పోయాక, కొల్లేరు పక్కన కౌలుకు తీసుకున్న రొయ్యల చెరువును నేనే చూసుకునేదాన్ని. ఈ మేనల్లుడు అప్పట్లో బెంగుళూరులో ఉద్యోగం చేసుకుంటూ సెలవు రోజుల్లో డీజేగా వెళ్లేవాడు. డీజే అంటే మన వయసు వాళ్లకి పెళ్లి ఊరేగింపు ముందు నడిచే లారీయే కదా. వీడిది అది కాదట, మాటల్లేని సంగీతమట, సినిమాల్లో రాదట, అండర్‌గ్రౌండ్ అంటారట. ఆ మాట వినగానే అన్నయ్య పోలీసులొస్తారేమోనని కంగారుపడ్డాడు. మన రోజుల్లో అండర్‌గ్రౌండ్‌లోకి వెళ్లడమంటే వేరే అర్థం మరి!

ఆరుగురు డీజేలు వంతులవారీగా శనివారం పొద్దున్నుంచి ఆదివారం సాయంత్రం దాకా ఆపకుండా వాయిస్తారని, చుట్టూ ఇళ్లు లేని చోటు కావాలని వాడు అడిగితే, మేత బస్తాలు ఒక పక్కకి నెట్టించి మా గోడౌను ఇచ్చాను. అక్కడి కరెంటు వాళ్ల స్పీకర్లకి చాలదంటే చెరువు దగ్గరి జనరేటరు కూడా ఇచ్చేశాను. అదీ నేను చేసిన తెలివితక్కువ పని. చెరువులో ఏరియేటర్లు ఆగితే నీళ్లలో గాలి తగ్గి రొయ్య చచ్చిపోతుంది. కరెంటు పోయినప్పుడు ఆదుకునేది ఆ జనరేటరొక్కటే. రెండు రోజులే కదా అనుకున్నాను.

శనివారం ఏ గొడవా లేకుండా గడిచింది. నలభై మంది పిల్లలు, వెండిరంగు చొక్కాలు, చిరిగిన ప్యాంట్లు. వీళ్లలో ఒక్కరైనా పనికొచ్చేవాళ్లున్నారా అని సణుక్కుంటూనే పులిహోర చేయించి పంపాను. చెరువు దగ్గరి షెడ్డులో పడుకున్నానేగానీ రాత్రంతా ఆ మోతకి కన్ను మూతపడలేదు. ఆదివారం తెల్లవారాక మబ్బుపట్టి వాన మొదలైంది. కాసేపటికి మా చెరువు కాపలా ఆయన పరుగెత్తుకొచ్చాడు.

"అమ్మగారండీ, కరెంటు పోయిందండీ! రొయ్య తేలిపోతందండీ!"

గోడౌనులోకి పరుగెత్తి అరిచాను. ఎవరికీ వినపడలేదు. అప్పుడు వాయిస్తున్నది తాడేపల్లిగూడెం అమ్మాయి. సొంత ప్రాంతంలో వాయించడం తనకి అదే మొదటిసారని, ఆ మూడు గంటల కోసం బెంగుళూరు నుంచి వచ్చిందని మేనల్లుడు ముందురోజే చెప్పాడు. భుజం పట్టుకుని చెవిలో సంగతి చెప్పాను. నా మొహం ఒక్కసారి చూసి తనే ప్లగ్గు పీకేసింది.

"ఏం చెయ్యాలో చెప్పండి ఆంటీ."

చెరువు దాకా రెండు వందల అడుగుల గట్టు, అంతా బురదే. జనరేటరు చక్రాలు సగానికి దిగిపోయాయి. ముందు కొందరు తాడు లాగారు, వెనక కొందరు భుజాలు ఆనించి నెట్టారు. ఆ అమ్మాయి వట్టి కాళ్లతో వంగి చక్రాల కింద ఖాళీ బస్తాలు పరుస్తూ పోయింది. మొదటి ఏరియేటరు తిరిగి నీళ్లు తెల్లగా ఎగజిమ్మాక, నేను తడి గట్టు మీదే కూలబడ్డాను. గంట గడిచాక కాపలా ఆయన చెరువంతా చుట్టి వచ్చి, "ఏం పర్లేదండీ, రొయ్య మళ్లీ అడుక్కి దిగిపోయిందండీ" అన్నాడు. ఏడుపొచ్చేసింది.

కరెంటొచ్చేసరికి పది దాటింది. ఆ అమ్మాయి వంతు ఎప్పుడో అయిపోయింది. తరవాతి వంతు మా వాడిదే. వాడు దాన్ని ఆమెకే వదిలేశాడు. జనరేటరు మాత్రం మళ్లీ ఇవ్వనన్నాను. గోడౌను కరెంటు మీద రెండే స్పీకర్లు పెట్టుకుని వాయించింది. నేనూ ఒక మేత బస్తా మీద కూర్చున్నాను. ఆ సంగీతం అర్థమైందని చెప్పను కానీ, అంత మోతలోనూ కూర్చున్నచోటే ఒళ్లు తెలియకుండా నిద్రపోయాను. లేచేసరికి తల కింద ఎవరో చొక్కా మడిచి పెట్టారు.

చెరువు వదిలేసి చాలా కాలమైంది. మా వాడు స్పీకర్లు అమ్మేశాడు. ఆ నలభై మందీ ఎవరి సంసారాల్లో వాళ్లు పడిపోయి ఉంటారు. పేర్లు అడగాలని కూడా తోచలేదు నాకు. పోయిన నెల కైకలూరు బస్సులో వెళ్తూ మా గట్టు కోసం సీట్లోంచి లేచి నిలబడి మరీ చూశాను. గోడౌను లేదు. చెరువులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఏది మాదో పోల్చుకునేలోగా బస్సు దాటిపోయింది.