రాక్షసికి పెట్టిన పేరు

నాకు కోపం ముక్కు మీద ఉంటుందని మా హాస్టల్లో వంటమనిషి దగ్గర్నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరికీ తెలుసు. ఆ తీర్పు చెప్పే పని నాకు అప్పగించింది అందుకేనేమో అని ఇప్పటికీ అనుకుంటాను.

రెండువేల సంవత్సరం దాటిన తొలి రోజులు. విజయవాడ నుంచి గన్నవరం వెళ్ళే దారిలో ఉన్న ఒక రెసిడెన్షియల్ స్కూల్లో నేను ఆడపిల్లల హాస్టల్ వార్డెన్‌ని. తెల్లారకముందే స్టడీ అవర్, పగలంతా క్లాసులు, భోజనం కాగానే మళ్ళీ స్టడీ అవర్. నెలకోసారి, రెండో ఆదివారం, తల్లిదండ్రులు వచ్చి పిల్లల్ని చూసుకోవచ్చు. క్యారేజీలూ పచ్చడి సీసాలూ పట్టుకుని వచ్చి, ఆవరణలో చాపలు పరుచుకుని, పదో తరగతి పిల్లలక్కూడా ముద్దలు కలిపి నోట్లో పెట్టేవాళ్ళు.

అలాంటి ఒక ఆదివారం పొద్దున ప్రిన్సిపాల్ గారు నన్ను పిలిపించి బల్ల మీద ఒక సీడీ పెట్టారు.

"ఇది మీ హాస్టల్ పిల్లదే మేడం. ఎనిమిదో తరగతి. సెలవులకెళ్ళినప్పుడు ఎవరో చుట్టాలబ్బాయి ఇచ్చాడంట. తెచ్చి మన ల్యాబ్‌లో కంప్యూటర్‌లోకి ఎక్కించింది. ఏదో కామెడీ ఆట. ల్యాబ్ పీరియడొస్తే చాలు, పిల్లలంతా దాని చుట్టూ చేరి ఒకటే నవ్వులు."

"నవ్వితే ఏమైంది సార్?"

"ఏమైందంటారేంటండీ! ఒక డే స్కాలర్ తండ్రి పొద్దున్నే ఫోన్ చేశాడు. మా పిల్లని చదువుకి పంపామా, రాక్షసులతో ఆడుకోడానికి పంపామా అని నిలదీశాడు. నేనేం చెప్పను? మీరు కూర్చుని ఆ ఆటేదో పూర్తిగా చూడండి. పిల్లలకి తగిందో కాదో సాయంత్రంలోగా ఒక్క మాట చెప్పండి చాలు. తగింది కాదన్నారా, ఈవేళే టీసీ. ఎలాగూ వాళ్ళ నాన్న వస్తాడు కాబట్టి పెట్టెతో సహా పంపించేద్దాం."

"ఆటకి టీసీ ఏంటండీ, చోద్యం కాకపోతే!"

ఆయన గొంతు తగ్గించి నవ్వారు. "మీరు వెనకేసుకొస్తున్నారు గానీ, అందులో రాక్షసికి మీ పేరే పెట్టారని స్టాఫ్ రూమ్‌లో అనుకుంటున్నారు."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. జ్వరమొస్తే రాత్రంతా పక్కన కూర్చునేదాన్ని నేను. పేలు చూసేదాన్ని నేను. రాక్షసిని కూడా నేనేనా? సీడీ తీసుకుని బయటికొచ్చేసరికే నా తీర్పు సగం అయిపోయింది.

మధ్యాహ్నం భోజనాలు కాగానే ఆ పిల్లని ల్యాబ్‌కి పిలిపించాను. ఆదివారం కదా అని రంగుల గౌను వేసుకుంది, రెండు జడలకీ రిబ్బన్లు కట్టుకుంది. ల్యాబంటే మాకు పూజగదితో సమానం. చెప్పులు బయట విడవాలి, మోనిటర్లకి ముసుగులు తొడగాలి. దసరాకి పెట్టిన పసుపూ కుంకుమా ఇంకా వాటి నుదుటి మీదే ఉన్నాయి. ముసుగు తీయమంటే తీసింది.

"మేడం, ఏ పనిష్మెంటైనా ఇవ్వండి మేడం. టీసీ మాత్రం వద్దు."

"అప్పుడే నీ దాకా వచ్చిందా ఆ సంగతి? సీడీ తెచ్చేటప్పుడు తెలీలేదూ?"

"ఇది నాకు రెండో స్కూలు మేడం. మొదటి హాస్టల్లోంచి చెప్పకుండా బస్సెక్కి ఇంటికెళ్ళిపోయానని పంపించేశారు. ఈసారి కూడా పంపించేస్తే ఇంకెక్కడా చేర్పించనని మా నాన్న దుర్గమ్మ మీద ఒట్టేశారు. చదువు మానేసి ఇంట్లో కూర్చోమన్నారు."

ఉయ్యూరు అవతల చెరుకు పండించే రైతు వాళ్ళ నాన్న. మాట ఇచ్చాడంటే నిలబడే మనిషి. అడ్మిషన్ రోజున చూశాను. అంటే నేను చెప్పబోయే ఒక్క మాటకి ఈ పిల్ల చదువు వేలాడుతోంది. కోపంలో అంతదాకా ఆలోచించలేదు. అయినా మెత్తబడ్డట్టు కనిపించడం నాకు చేతకాదు.

"సరే, ముందు ఆడి చూపించు. ఒక్కటి దాచినా ఊరుకోను."

ఆట మొదలైంది. హీరో ఒక వంటవాడు. కత్తికి బదులు గరిటె పట్టుకుని రాజ్యమంతా తిరుగుతాడు. తోడుగా ముగ్గురు స్నేహితులు. దారిలో రాక్షసులు ఎదురైతే కొట్టడం, నరకడం లేదు. నవ్వించాలి. నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకుని కూలబడితే మనం గెలిచినట్టు. మొదటి రాక్షసుడు వంకాయంత ముఖం వేసుకుని వచ్చాడు. వంటవాడు వాడికి పెళ్ళిసంబంధం చూశానన్నాడు. వధువు గుమ్మడికాయట. ఆ పిల్ల ఇంగ్లీషు మాటలకి అర్థం చెబుతుంటే నాకు నవ్వొచ్చి చచ్చింది. పళ్ళు బిగించి కూర్చున్నాను. తీర్పు చెప్పేవాళ్ళు నవ్వితే ఎలా?

తప్పులు వెతికాను. దొరక్కపోలేదు. ఒక రాజు కొలువులో కూర్చుని త్రేన్చుతాడు. ఆ త్రేన్పుకి మంత్రి కిరీటం ఎగిరిపోతుంది. అంతకన్నా నాకు నచ్చనిది ఇంకొకటి.

"ఏంటే ఇది? ఎవరింట్లోకి పడితే వాళ్ళింట్లోకి వెళ్ళి పెట్టెలు తెరిచేస్తున్నాడు?"

"ఇలాంటి ఆటల్లో అంతే మేడం. ఎవరూ ఏమనరు."

"నేను మీ పెట్టెలు తెరిస్తే మాత్రం కొంపలు మునిగినట్టు ఏడుస్తారు!"

ఆ పిల్లకి నవ్వు రాబోయి ఆగిపోయింది. నాకూ అంతే.

ఆడుతుంటే ఇంకో సంగతి తెలిసింది. మొదట్లోనే ఆట మనల్ని కొన్ని ప్రశ్నలు అడుగుతుంది. నీ పేరేంటి, నీ స్నేహితుల పేర్లేంటి, నీకు బాగా ఇష్టమైన తిండేంటి, నీకు అన్నిటికన్నా భయం దేనికి అని. మనం ఏం కొడితే అవే పేర్లు ఆటలోకి వచ్చేస్తాయి. మా పిల్లలు తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టారు. స్నేహితులకి ఇంట్లో అమ్మలు పిలిచే ముద్దుపేర్లు పెట్టుకున్నారు. ఆ పేర్లు హాస్టల్లో నేనెప్పుడూ వినలేదు. తిండికి ముద్దపప్పు, ఆవకాయ. అందుకే వంటవాడు గాయపడ్డప్పుడల్లా ముద్దపప్పు తిని లేస్తున్నాడు.

"మరి భయానికి ఏం పెట్టారు?"

ఆ పిల్ల మౌస్ వదిలేసింది.

"నిన్నే అడిగేది. ఆ భయం పేరే పెద్ద రాక్షసికి పెడుతుందట కదా ఆట? దాని పేరేంటి?"

"వద్దు మేడం. అది చూడొద్దు."

ఇంకేం కావాలి? నా పేరే. నా అనుమానం రూఢి అయిపోయింది. ఎందుకు దాచాలి, బాధేసింది. ఇన్నేళ్ళు ఈ పిల్లల మధ్య బతికి చివరికి వాళ్ళకి అన్నిటికన్నా భయం నేనా అనిపించింది.

అప్పుడే తలుపు తోసుకుని ప్రిన్సిపాల్ గారు వచ్చారు. వెనకాలే ఆ పిల్ల తల్లీ తండ్రీ. తండ్రి మొహం అప్పటికే నల్లబడి ఉంది. విషయం చెప్పేసినట్టున్నారు. తల్లి తినిపించడం అయిపోయిన క్యారేజీ చేత్తో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది. చెప్పులు విప్పాలని ఎవరూ చెప్పకుండానే విప్పింది.

"ఏం తేల్చారు మేడం?" అన్నారు ప్రిన్సిపాల్.

"ఒకటి మిగిలింది సార్. ఆ రాక్షసిని చూపించమంటే చూపించట్లేదు."

"చూపించమ్మా," అన్నాడు తండ్రి. గట్టిగా అనలేదు. అలా మెల్లగా అన్నందుకే నాకు భయం వేసింది.

పిల్ల తల్లివైపు చూసి, మౌస్ పట్టుకుని, వంటవాణ్ణి ఒక కోట మెట్లెక్కించింది. తలుపులు తెరుచుకున్నాయి. డప్పులు మోగాయి. రాక్షసి వచ్చింది. లావుపాటి ఒళ్ళు, ఎర్రటి కళ్ళు, నడుముకి ఇంత తాళాల గుత్తి. నా చెయ్యి నాకు తెలియకుండానే నా నడుముకున్న గుత్తి మీదకి పోయింది. ప్రిన్సిపాల్ గారు అది చూడనే చూశారు. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే పడుతున్నాయి. కళ్ళజోడు సర్దుకుని, తెలుగు చేసుకుంటూ పైకే చదివాను.

"'ఆదివారం సాయంత్రం' వచ్చింది. అందరూ వణికిపోయారు."

నేను ఇంకోసారి చదువుకున్నాను. నా పేరు కాదు. ఎవరి పేరూ కాదు.

"ఇదేం పేరు?" అన్నాడు తండ్రి.

ఆయనకి అర్థం కాలేదు. రెండో ఆదివారం చీకటిపడే వేళకి మోటారు సైకిళ్ళు స్టార్టయ్యాక, గ్రిల్ పట్టుకుని నిలబడిన పిల్లల్ని లోపలికి లాక్కొచ్చే పని ఆయనది కాదు. అది నాది. అందుకే నాకు వెంటనే తెలిసింది. తల్లికీ తెలిసింది. ఆమె గుమ్మం దగ్గర్నుంచి నడిచి వచ్చి కంప్యూటర్ ముందు నిలబడింది.

"దీన్నెలా చంపాలమ్మా?" అని కూతుర్ని అడిగింది.

"చావదమ్మా. నవ్విస్తే కాసేపు కూర్చుంటుంది. మేమంతా కలిసి నవ్విస్తాం. తర్వాత మళ్ళీ లేస్తుంది."

ప్రిన్సిపాల్ గారు దగ్గారు. "మేడం, ఒక్క మాట చెప్పండి. తగునా, తగదా?"

త్రేన్పుల రాజూ, పరాయి ఇళ్ళ పెట్టెలూ అన్నీ గుర్తున్నాయి. ఐనా నా గొంతు లేచింది. "తగును సార్. బంగారంలాంటి ఆట. బెంగ పెట్టుకున్న పిల్లలు నవ్వుకోడానికి ఒక దారి వెతుక్కుంటే దానికి టీసీ ఇస్తామా? ఇవ్వండి చూస్తాను. ముందు నా రాజీనామా తీసుకోండి."

నా నోరంటే ఆయనకి భయమే. కాసేపు గడ్డం రుద్దుకుని, సీడీ మాత్రం ఆఫీసులో ఉంటుందని, పిల్ల ఉండొచ్చని అన్నారు. తండ్రి పెద్ద ఊపిరి తీసుకుని నాకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు. "మా అమ్మాయి చదువు నిలబెట్టారు మేడం గారూ" అన్నాడు. నాకూ గర్వంగానే ఉంది.

పిల్ల కంప్యూటర్ ఆపేసి, ముసుగు తొడిగి, అంచులు సర్దుతూ ఉండిపోయింది. తల్లి నా పక్కకి వచ్చింది. భర్తకి వినపడకుండా, చాలా మెల్లగా అడిగింది.

"అయితే ఇంక పంపించరా అండీ?"

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆవిడ మొహంలోకి చూడలేకపోయాను. ఇంతసేపూ ఆ టీసీ కోసం ఆశపడ్డ మనిషి ఆ గదిలో ఒకరున్నారని నాకెలా తెలుస్తుంది?

"లేదండీ," అన్నాను. "ఇక్కడే ఉంటుంది."

ఆవిడ తలూపింది. కూతురి రిబ్బను ఒకటి వదులైతే విప్పి మళ్ళీ కట్టింది. బయట మోటారు సైకిళ్ళు ఒక్కొక్కటే స్టార్టవుతున్నాయి.