నెంబరు 417కి ఒక పేరుంది

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందండీ. మా అమ్మ వెంకాయమ్మ కృత్తివెన్ను రొయ్యల చెరువుల దగ్గర మేస్త్రీల నోళ్ళు మూయించి మమ్మల్ని పెంచింది, ఆ నోరే నాకూ వచ్చింది. కాబట్టి కొండయ్య బాబాయి సంగతి చెబుతూ మధ్యలో ఎవరినైనా ఒక మాటంటే సర్దుకోండి.

మాది బందరులో రోల్డ్‌గోల్డ్ నగలు చేసే కంపెనీ. రేకు మీద అచ్చు కొట్టాలి, అందుకు ముందు ఉక్కు దిమ్మ మీద ఆ డిజైన్ చెక్కాలి. నలభై ఆరేళ్ళు ఆ చెక్కే పని చేసిన మనిషి కొండయ్య. నాకు చుట్టం కాదు, అయినా బాబాయే. చదివింది ఐదో తరగతి. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం ఉంగరాల మీద పేర్లు చెక్కి చెక్కి వచ్చేశాయి. ప్రతి డిజైనూ ముందు పెన్సిలుతో పుస్తకంలో గీసేవాడు. గీసి ఊరుకునేవాడా, దానికో పేరు కూడా పెట్టేవాడు. రొయ్య మీసం గొలుసు. మడవేరు వంకీ. ఉప్పుటేరు గాజు. ఆ పేర్లు ఆయన నోట్లో తప్ప ఇంకెక్కడా లేవు.

ఆఫీసులో కంప్యూటర్లన్నీ చూసుకునేది నేనే. నాలుగేళ్ళ కిందట ఆ పుస్తకాలన్నీ స్కాన్ చేసి సర్వర్‌లో పెట్టమన్నారు. మూడు నెలలు బాబాయి పక్కన కూర్చుని ఒక్కో బొమ్మా ఎక్కించాను, ఆయన పేరు చెబితే కింద టైపు చేశాను. మా ఓనరు వెంకటాద్రిగారు చూసి, "పేర్లెందుకు స్వర్ణలతా, కొనేవాళ్ళకి అర్థం కావు, నెంబర్లెయ్" అన్నారు. వేశాను. పదకొండు వందల నలభై పేర్లు ఒక్క మధ్యాహ్నంలో చెరిపేశాను. నాకప్పుడు చీమ కుట్టినట్టయినా లేదు, ఆ మాట దాచుకోను. పుస్తకాలు గోడౌన్‌లో పడేస్తే ఆ వానాకాలమే చెదలు తినేశాయి.

రెండేళ్ళ కిందట బాబాయి పని మానేశాడు. మానేశాడన్న మాటేగానీ రోజూ పొద్దున్నే వచ్చి వరండాలో బల్ల మీద కూర్చునేవాడు. అన్నాల వేళకి పాత అచ్చుల గదిలోకెళ్ళి కాసేపు నడుం వాల్చేవాడు. ఎవరూ ఏమనేవాళ్ళు కాదు.

మొన్న జూలైలో ఒక గురువారం సర్వర్ చిట్టా తీశాను. ఎవరు ఎప్పుడు లోపలికొచ్చారో అందులో ఉంటుంది. మూడు రోజుల్లో అరవై రెండుసార్లు ఎవరో తప్పు పాస్‌వర్డ్ కొట్టి డిజైన్లలోకి దూరబోయారు. పరిగెత్తుకెళ్ళి ఓనరుకి నేనే చెప్పాను, తిట్లూ నేనే తిన్నాను.

"మన డిజైన్లు ఎవడో కాజేయబోయాడు. వాడెవడో సోమవారానికల్లా తేల్చు, పోలీసులకిద్దాం. ఇక నుంచి నా ఫోనుకి ఓటీపీ నెంబరు వచ్చి, నేను చెబితేగానీ ఆ బొమ్మలు తెరుచుకోకూడదు" అన్నారు.

ఆ సాయంత్రమే అన్నీ బిగించాను. మనిషికో పాస్‌వర్డ్, ఐదుసార్లు తప్పు కొడితే తాళం, ఓనరు ఫోనుకి నెంబరు, బయటి నుంచి వచ్చే దారి మూత. బొమ్మలన్నీ ఇంకో డిస్కులోకి ఎక్కించి బీరువాలో పెట్టాను. ఇవన్నీ ఎప్పుడో చెయ్యాల్సినవే. బద్ధకించాను. అప్పటిదాకా మా అందరి పాస్‌వర్డూ ఒకటే, ఆఫీస్123.

కొట్టిన తప్పు పాస్‌వర్డులు కూడా మా పాత సర్వర్ చిట్టాలో రాసిపెడుతుంది. శుక్రవారం పొద్దున్న కుదురుగా కూర్చుని దొంగ ఏమేం కొట్టాడో వరసగా చదివాను. రొయ్యమీసం. మడవేరు. ఉప్పుటేరుగాజు. ఇంగ్లీషు అక్షరాల్లో, తప్పులతో. అన్నీ మధ్యాహ్నం ఒంటిగంటకి, రెంటికి మధ్య, పాత అచ్చుల గదిలో ఉన్న కంప్యూటర్ నుంచి. ఆ పేర్లు నాకు చెప్పిన మనిషి ఒక్కడే.

ఒంటిగంటకి వెళ్ళి ఆ గదిలో స్టూలేసుకుని కూర్చున్నాను. నాలుగు దులిపేద్దామనే వెళ్ళాను. బాబాయి వచ్చాడు, గోడ తడుముకుంటూ. కంప్యూటర్ ముందు కూర్చుని ముక్కు తగిలేంత దగ్గరగా వంగి, ఒక్కో అక్షరం వెతికి నొక్కుతున్నాడు. రెండడుగుల దూరంలో నేనున్నాను. ఆయనకి కనపడలేదు.

"ఏం బాబాయ్, ఇవాళ ఏ పేరు?" అన్నాను.

"నువ్వా అమ్మాయ్. ఉన్నదానివి ఒక దగ్గు దగ్గొచ్చు కదా" అన్నాడు, దొరికిపోయానన్న కంగారు ఏ కోశానా లేకుండా.

"కళ్ళకేమైంది?"

"నీటికాసులంట. ఎడం కన్ను పోయింది. కుడిది దీపావళి దాకా ఉంటే గొప్పేనన్నాడు గుడివాడ డాక్టరు. పుస్తకాలు ఎటూ చెదల పాలయ్యాయి. నేను గీసినవి ఒక్కసారి చూసుకుందామని."

"నన్నడిగితే తెరవనా?"

"నా బొమ్మలు నేను అడుక్కోవాలా?"

నాకు ఒళ్ళు మండింది. "అడగడానికి నామోషీ, దొంగలా దూరడానికి లేదా?" అనేశాను.

ఆయన నొచ్చుకున్నాడు. "దూరడమేంటమ్మా. నా పేర్లలోనే ఏదో ఒకటి తాళంగా పెట్టుంటారనుకున్నా. వాటి మీదేగా ఇంత కంపెనీ నడిచింది." మళ్ళీ తనే, "ఇంతకీ ఏం పెట్టారు?" అన్నాడు.

"ఆఫీస్123."

బాబాయి కీబోర్డు మీద నుంచి చేతులు తీసేశాడు. ఏదైనా అని ఉంటే బాగుండేది. నా జన్మలో అంత సిగ్గుపడింది లేదు.

నేనప్పుడు తెరిచి చూపిద్దామన్నా కుదరదు, ముందురోజే నా చేతులతో తాళం వేసేశాను. పేరు చెబితే ముసలాయన్ని స్టేషన్‌కి పిలుస్తారు. చెప్పకపోతే ఆ బొమ్మలు ఆయనకి ఎప్పటికీ తెరుచుకోవు, కళ్ళేమో ఆగవు. చెప్పొద్దని బాబాయి నన్నడగలేదు. అదే నన్ను తినేసింది. ఆదివారం చర్చిలో అయ్యగారి ప్రసంగం ఒక్క ముక్క చెవికెక్కలేదు.

సోమవారం ఆ అరవై రెండు మాటలూ కాగితం మీద తీసి ఓనరు ముందు పెట్టాను. ఆయన చదివారు.

"ఇవేం పాస్‌వర్డులు? రొయ్య మీసమేంటి? ఇదెవరు, చిన్నబాబు మువ్వ అని నాలుగుసార్లు కొట్టాడు? పిచ్చోడెవడో."

"చిన్నబాబు మీరేనండీ" అన్నాను.

ఆయన తలెత్తారు.

"మీకు నడకొచ్చేటప్పుడు మీ నాన్నగారు కాళ్ళకి మువ్వల పట్టీలు చేయించారట. ఆ అచ్చు చెక్కింది కొండయ్య బాబాయి. ఇప్పటికీ పిల్లల పట్టీలకి అదే వాడుతున్నాం, నెంబరు 417. మీరు పెట్టుకునే తాళం అదే అయ్యుంటుందనుకున్నాడు. అందుకే స్పెల్లింగ్ మార్చి మార్చి కొట్టాడు. ఆయనకి చూపు పోతోందండీ. పోయేలోపు తను గీసినవి చూసుకోవాలట, అంతే. పోలీసులకి పేరు కావాలంటే నాది కూడా రాయండి, ఆఫీస్123 పెట్టింది నేనే."

ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. వరండాలోకి స్వయంగా వెళ్ళి, "రండి కొండయ్యగారూ" అని చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చారు. ఫోనుకొచ్చిన నెంబరు చెబితే నేను 417 తెరిచి పెద్దది చేశాను.

బాబాయి తెర దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు. "మూడో మువ్వ వంకర" అన్నాడు చివరికి. "నా తప్పు కాదు చిన్నబాబుగారూ. మీరు కాలు కుదురుగా ఉంచితేనా, కొలత తీసుకోవడానికి."

ఓనరు నవ్వబోయి కళ్ళు తుడుచుకున్నారు.

ఆ రోజే బాబాయికి సొంత పాస్‌వర్డ్ ఇచ్చాం, దానికి ఓనరు ఫోనుతో పన్లేదు. చూడొచ్చు, మార్చలేడు. ఏం పెట్టుకున్నావని అడిగితే, "ఎవరికీ చెప్పొద్దన్నది నువ్వేగా" అంటాడు. రోజూ గంట సేపు నా పక్కన కూర్చుని బొమ్మలు చూస్తూ పేర్లు చెబుతాడు, నెంబరు పక్కన నేను టైపు చేస్తాను. దీపావళికి ఆరువందల ఎనభై మూడు దాకా వచ్చాం. ఆ తర్వాత వారం ఆయనకి తెర మీద వెలుగు తప్ప ఇంకేమీ తెలియలేదు.

ఆపేద్దామా అన్నాను. "ఎందుకాపడం, గీత ఎటు పోయిందో నువ్వు చెప్పు" అన్నాడు. చెబుతున్నాను. రెండు పొడుగాటి తీగలు, చివర్లు పైకి తిరిగాయి అంటే, రొయ్య మీసం అంటాడు. ఇంతవరకు ఒక్కటీ తప్పలేదు.

నిన్న 912 దగ్గర ఆగిపోయాడు. సన్నటి కొమ్మ, కొమ్మకి అటు మూడు ఇటు మూడు మొగ్గలు, కింద ఒక చుక్క అన్నాను. మొదటిసారి పేరు గుర్తు రాలేదేమోనని నాకు భయమేసింది.

"తట్టలేదా బాబాయ్?"

"తట్టింది" అన్నాడు. "నువ్వు చెబుతుంటే కనపడుతోందమ్మా. ఇంకొక్కసారి చెప్పు."

మళ్ళీ కొమ్మ దగ్గర నుంచి మొదలుపెట్టాను.